గవర్నరు గారూ, ఆ ఉత్తరం మాకూ చదివి వినిపించండి

గౌరవనీయులైన భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

నమస్కారం.

2022 నవంబరులో మీ సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వానికి ఒక ఉత్తరం వెళ్లింది. ధరల పెరుగుదలకు లక్ష్యం 4 శాతం, హద్దులు 2, 6. అది వరుసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటితే, ఎందుకు దాటింది, ఏం చేయబోతున్నారు, ఎప్పటికి దారికి తెస్తారు అన్నవి రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చట్టం చెబుతోంది. 2016లో ఆ నిబంధన వచ్చాక నిజంగా ఉత్తరం రాయాల్సి రావడం అదే మొదటిసారి. నవంబరు 3న, వడ్డీ రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ దానికోసమే ప్రత్యేకంగా కూర్చుంది. ఉత్తరం తయారైంది, ఢిల్లీ చేరింది. అందులో ఏం రాశారో ఆ ధరలు మోసిన జనానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఉత్తరాన్ని బయటపెట్టమని అడగడానికే ఈ బహిరంగ లేఖ.

నా గురించి రెండు ముక్కలు. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఆటో ఎక్కితే కాసేపట్లో ఆంధ్రాలోని పాతపట్నం. బజారులో నాకు చిన్న జెరాక్స్ షాపు ఉంది, అందులోనే ఓ మూల, బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చిపుచ్చుకునే బ్యాంకు మిత్ర కౌంటరు. కొండ మీది గూడేల నుంచి దిగివచ్చే సవర ఆడవాళ్లు, సుభద్ర పథకం డబ్బులు పడ్డాయో లేదో చూసుకునే ఒడియా అక్కలు, కేరళలో పనికి పోయిన కొడుకు పంపింది తీసుకునే తెలుగు పెద్దవాళ్లు, అందరూ నా వేలిముద్ర మిషన్ ముందు కూర్చునేవాళ్లే. లింకు లేకపోతే తిట్లు నాకే. కాయకష్టం చేసి వేళ్ల గీతలు అరిగిపోయిన మనిషి వేలు మిషన్ పట్టుకోకపోతే అప్పుడూ నాకే.

ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది, మా ఊరు అందులో కలిసింది. మీ బ్యాంకు సరిగ్గా అంతకు ఏడాది ముందు, 1935 ఏప్రిల్ 1న మొదలైంది. అంటే మా ఊరి పక్కన గీసిన గీతకన్నా మీరు ఒక ఏడాది పెద్ద. ఆ గీతకు అటూ ఇటూ బస్సు బోర్డుల మీద అక్షరాలు మారతాయి, రేషను కార్డు మారుతుంది, పింఛను మారుతుంది. నోటు మారదు. దాని మీద ఒడియా కూడా ఉంటుంది, తెలుగు కూడా ఉంటుంది. కాబట్టి సరిహద్దులో బతికేవాళ్లకు మీతో పని కాస్త ఎక్కువే.

ఇక 2022 సంగతి. ఆ ఫిబ్రవరిలో మీ సంస్థ వేసిన అంచనా ప్రకారం 2022-23లో ధరల పెరుగుదల సగటున 4.5 శాతం ఉండాలి. చివరికి తేలింది 6.7 శాతం. ఏప్రిల్ ఒక్క నెలే చూస్తే 7.79. అంచనా వేసిన రెండు వారాలకే ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది, పొద్దుతిరుగుడు నూనె రావడం తగ్గింది, ఆ పైన ఇండోనేషియా కొన్నాళ్లు పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మా పక్క కిరాణా కొట్టులో లీటరు ప్యాకెట్ కొనేవాళ్లు అరలీటరుకు దిగారు. అరలీటరు కొనేవాళ్లు ఇంటి నుంచి సీసా తెచ్చుకుని ఇరవై రూపాయలకు ఎంతొస్తే అంత పోయించుకున్నారు. యుద్ధం వస్తుందని మీకు ముందే తెలియాలని ఎవరూ అనరు. అంచనా తప్పడంలో యుద్ధం పాలెంత, అంతకుముందే ధరలు పెరుగుతున్నా వడ్డీ పెంచకుండా ఆగిన మీ నిర్ణయం పాలెంత అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. ఆ ఉత్తరంలో ఉండాల్సిన జవాబు కూడా అదే.

మే 4న, మామూలు సమావేశం దాకా ఆగకుండా, రెపో రేటును, అంటే బ్యాంకులు మీ దగ్గర తీసుకునే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 4.40 శాతానికి పెంచారు. 2023 ఫిబ్రవరికల్లా అది 6.50 అయింది. మా షాపుకు కాగితాలు జెరాక్స్ తీయించుకోవడానికి ఒక హైస్కూలు మాస్టారు వస్తుంటారు. ఆయనకు ఇంటి లోను ఉంది. నెల వాయిదా రూపాయి కూడా పెరగలేదని ధీమాగా ఉండేవారు. ఓ రోజు స్టేట్‌మెంట్ తీయించి చూస్తే, వాయిదాలు ఆయన రిటైర్మెంటు దాటి ఇంకో నాలుగేళ్లు సాగాయి. బ్యాంకువాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. "నేను ఉద్యోగం మానేశాక ఈ లోను ఎవరు కడతారయ్యా, మీ మిషనా?" అని నన్నే అడిగారు. 2023 ఆగస్టులో మీరు ఒక ఉత్తర్వు ఇచ్చారు. వడ్డీ మారి గడువు పెరిగితే అప్పు తీసుకున్నవాళ్లకు చెప్పి తీరాలి, స్థిర వడ్డీకి మారే వీలూ ఇవ్వాలి అని. మంచి పని. కాకపోతే పెంచడం మొదలుపెట్టిన ఏడాది తర్వాత.

ఆ రోజుల్లో మా బజారులో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. వడ్డీ పెంచితే నూనె ధర ఎలా తగ్గుతుంది? న్యాయమైన ప్రశ్న. వడ్డీ పెంచితే ఇండోనేషియాలో పామాయిల్ ఎక్కువ పండదు. నాకు తెలిసినంతలో జవాబు ఇది. నూనె పెరిగింది కదా అని టిఫిన్ బండి ఇడ్లీ రేటు పెంచుతుంది. ఎలాగూ అన్నీ పెరుగుతాయని ఇంటి ఓనరు అద్దె ముందే పెంచుతాడు. మేస్త్రీ కూలి పెంచమంటాడు, ఆటో అన్న పది రూపాయలు ఎక్కువ అడుగుతాడు. యుద్ధం వల్ల వచ్చిన పెరుగుదల యుద్ధంతో సంబంధం లేని వస్తువులకూ పాకుతుంది. రిజర్వు బ్యాంకు ఆపాల్సింది ఆ పాకడాన్ని. ధరలు మళ్లీ 4 శాతానికి వస్తాయని మీరు చెప్పిన మాటను ఇంటి ఓనరు, మేస్త్రీ, ఆటో అన్న నమ్మితే సగం పని అక్కడే అయిపోతుంది. నమ్మకపోతే అదే ఫలితం కోసం వడ్డీ ఇంకా పెంచాలి, ఇంకా ఎక్కువ కాలం పెంచి ఉంచాలి. ఆ అదనపు వడ్డీ కట్టేది మా మాస్టారు. అంటే మీ మీద జనానికి ఉన్న నమ్మకానికి రూపాయల్లో విలువ ఉంది. అది తగ్గినప్పుడల్లా బిల్లు మాకు వస్తుంది.

అలాంటప్పుడు తప్పిన లెక్కకు సంజాయిషీని కవరులో పెట్టి మూసేయడం ఏం లాభం? బ్రిటన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు 1997లో వడ్డీ నిర్ణయించే స్వేచ్ఛ ఇచ్చినప్పుడే, లక్ష్యం ఒక శాతానికి మించి తప్పితే గవర్నరు ఆర్థిక మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాయాలని పెట్టారు. 2007 ఏప్రిల్‌లో, లక్ష్యం 2 ఉండగా పెరుగుదల 3.1 శాతానికి చేరితే, గవర్నరు మెర్విన్ కింగ్ మొదటి ఉత్తరం రాశారు. దేశమంతా చదివింది. కొంపలేమీ మునగలేదు. ఆ తర్వాత గవర్నర్లు ఎన్నో ఉత్తరాలు రాశారు, ఇప్పుడది మామూలు వ్యవహారమైపోయింది.

మన దగ్గర ఏమన్నారు? బయటపెట్టాలని చట్టంలో లేదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మీ ముందు గవర్నరుగా ఉన్న శక్తికాంత దాస్ గారు, అది చట్టం ప్రకారం ప్రభుత్వానికి రాసిన ఉత్తరం కాబట్టి విడుదల చేసే అధికారం తనది కాదన్నారు, ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుందనీ అన్నారు. ఆయన ఒడిశా మనిషి, మాకు ఆ అభిమానం ఉంది, అయినా ఈ జవాబు నాకు మింగుడుపడలేదు. బయటపెట్టాలని చట్టంలో లేదు, నిజమే. పెట్టకూడదనీ లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంది. 2020లోనూ అంకెలు 6 శాతం పైనే నడిచాయి. లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్, మే నెలల ధరలు సరిగ్గా సేకరించలేదు కాబట్టి ఆ రెండు నెలలను లెక్కలో విరామంగా చూడాలని కమిటీ తీర్మానించింది, దాంతో ఉత్తరం అవసరం పడలేదు. కారణం సబబైనదే కావచ్చు. కానీ ఒకసారి ఉత్తరమే రాయక, రెండోసారి రాసింది చూపించక పోతే, లెక్క అప్పజెప్పాల్సిన రోజు వస్తే ఏదో ఒక సందు దొరుకుతుందిలే అన్న అనుమానం జనానికి వస్తుంది.

ప్రభుత్వం నుంచి రిజర్వు బ్యాంకుకు స్వతంత్రత అనే పెద్ద మాట మా కౌంటరు దగ్గర ఎవరూ అనరు. కానీ చీటీ పాట అందరికీ తెలుసు. చీటీ నడిపే మనిషి ఎంత మంచివాడైనా, ప్రతి నెలా పాట లేకుండా ఆయన బావమరిది వచ్చి చీటీ ఎత్తుకుపోతుంటే ఆ చీటీలో ఎవరూ ఉండరు. మన దేశంలో 1950ల నుంచి నాలుగు దశాబ్దాలు జరిగింది అచ్చం అదే. కేంద్రం ఖాతాలో డబ్బు ఒక మేర కన్నా తగ్గితే చాలు, అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే అప్పు పత్రాల పేరుతో రిజర్వు బ్యాంకు దానంతటదే నింపేది. పాట లేదు, పరిమితి లేదు. ఆ నోట్ల భారం చివరికి ధరల రూపంలో మా మీద పడేది. దాన్ని ఆపడానికి 1994లో ఒక ఒప్పందం, 1997లో ఇంకో ఒప్పందం జరిగాయి. రెండుసార్లూ గవర్నరు సి. రంగరాజన్ గారు. తర్వాత ఆయన ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర గవర్నరుగా వచ్చారు, కొంతకాలం ఒడిశా బాధ్యత కూడా చూశారు. అంటే మా సరిహద్దుకు రెండు వైపులా పెద్దమనిషి ఆయనే. రెండు రాజ్‌భవన్లలో ఉన్న ఆయన మాకు చేసిన అసలు మేలు అంతకుముందే ముంబైలో జరిగిపోయిందని ఇక్కడ ఎవరికీ తెలియదు. 2006 ఏప్రిల్ నుంచైతే ప్రభుత్వం కొత్తగా జారీ చేసే బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనడమే కుదరదని చట్టం వచ్చింది. మార్కెట్లోంచి కొనుక్కునే దారి ఇంకా ఉంది కదా అని కొందరంటారు. ఉంది. అయినా ముందు రోజులతో పోలిస్తే ఇది ఎంతో నయం.

గవర్నర్ల విషయం అలా కుదుటపడలేదు. 1957 జనవరిలో బెనెగల్ రామారావు గారు ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారితో పడక గవర్నరు పదవి వదిలేశారు, నెహ్రూ గారు మంత్రి పక్షానే నిలిచారు. చట్టంలో 7వ సెక్షను ఉంది, ప్రజా ప్రయోజనం పేరుతో ప్రభుత్వం మీకు ఆదేశాలివ్వవచ్చు. 11వ సెక్షను ఉంది, గవర్నరును తొలగించవచ్చు, ఏ కారణాలకు తొలగించాలో అందులో రాయలేదు. మీ పదవీకాలం ఐదేళ్లకు మించకూడదని ఉందే తప్ప ఇంతకు తగ్గకూడదని లేదు. మన కడప జిల్లా నుంచి వచ్చిన గవర్నరు వై.వి. రెడ్డి గారిని స్వయంప్రతిపత్తి గురించి అడిగితే, పూర్తిగా ఉందని, ఆ మాట చెప్పడానికి ఆర్థిక మంత్రి గారి అనుమతి కూడా ఉందని చమత్కరించారట. నవ్వు వస్తుంది, కానీ చట్టం చదివితే అందులో అబద్ధమేమీ కనపడదు. అదే రెడ్డి గారు భూముల, భవనాల అప్పుల మీద ముందుగానే బిగించడం వల్ల 2008 సంక్షోభంలో మన బ్యాంకులు నిలబడ్డాయి. బిగించిన రోజుల్లో ఆయనను మెచ్చుకున్నవాళ్లు తక్కువ.

టర్కీలో 2019 జూలై నుంచి 2021 మార్చి లోపు ముగ్గురు గవర్నర్లను ఇంటికి పంపారు. వడ్డీ ఎక్కువగా ఉండటం వల్లే ధరలు పెరుగుతాయని అక్కడి అధ్యక్షుడి వాదన. 2022 అక్టోబరులో ధరల పెరుగుదల 85 శాతం దాటింది. ఆ తర్వాత దిద్దుకోవడానికి వడ్డీని 50 శాతానికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వేరే దేశం గోల మనకెందుకంటారా? మూడో గవర్నరును తీసేసిన రోజున అక్కడి బజారులో ఎంతమందికి ఆ మనిషి పని ఏమిటో తెలుసా అని నాకు అనుమానం.

ఎందుకంటే మన దగ్గర తెలియలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను చిందరవందర చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, ఏటీఎంలు మూగబోయాయి. నా మిషన్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టాను. అప్పుడు నడిచినవి రెండే, చేతిలో ఉన్న నోటు, కిరాణా కొట్టువాడి అరువు పుస్తకం. మేం ఇంటికప్పు రేకులు వెతుక్కుంటున్న ఆ నెలలోనే, 26న ముంబైలో మీ డిప్యూటీ గవర్నరు విరల్ ఆచార్య ఒక ప్రసంగం చేశారు. రిజర్వు బ్యాంకు స్వతంత్రతను లెక్కచేయని ప్రభుత్వాలు ఎప్పటికైనా మార్కెట్ల ఆగ్రహం చూస్తాయని హెచ్చరించారు. డిసెంబరు 10న ఉర్జిత్ పటేల్ గారు వ్యక్తిగత కారణాలని చెప్పి గవర్నరు పదవికి రాజీనామా చేశారు. ఢిల్లీ, ముంబై పేపర్లలో పెద్ద గొడవ. మా బజారులో దాని గురించి ఒక్క మనిషి మాట్లాడలేదు.

ఆచార్య గారి ప్రసంగం తర్వాత తీరిగ్గా చదివాను. ధైర్యమైన మాటలు. కానీ మీ సంస్థకు కష్టం వచ్చినప్పుడు ఆయన సాక్ష్యానికి పిలిచింది మార్కెట్లను. జనాన్ని పిలవలేదు. పిలిచినా మేం వెళ్లేవాళ్లం కాదేమో, ఎందుకంటే దానికి రెండేళ్ల ముందు మాకు మీతో ఒక అనుభవం ఉంది.

2016 నవంబరు 8. సాయంత్రం మీ బోర్డు కూర్చుంది, రాత్రి ఎనిమిదికి ప్రధాని ప్రకటించారు. చలామణీలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం నోట్లు ఆ రాత్రి నుంచి చెల్లవు. క్యూల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నాకు మరపురానిది తర్వాతి ఏడాది సంక్రాంతి దాటాక జరిగింది. గుమ్మ వైపు కొండల నుంచి ఒక సవర పెద్దావిడ వచ్చింది. కొంగు ముడి విప్పితే నాలుగు పాత ఐదువందల నోట్లు. పసుపు, చింతపండు అమ్మిన డబ్బు, మనవరాలి పెళ్లికని దాచిందట. గడువు డిసెంబరు 30తో అయిపోయిందని చెప్పాను. నోటు తిప్పి సంతకం మీద వేలు పెట్టి, "ఈయన మాట ఇచ్చాడు కదా బాబూ, ఈయన్నే అడుగు" అంది. ఆ సంతకం మీ ముందువాళ్లది. నేను ఎవరిని అడగను? నోట్లు మళ్లీ ముడి వేసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు మీ బోర్డు ఏం మాట్లాడుకుందో మాకు ఎప్పుడు తెలిసింది? 2019లో, సమాచార హక్కు కింద అడిగితే. నల్లధనం ఎక్కువగా బంగారం, స్థిరాస్తుల్లో ఉంటుంది గానీ నగదులో కాదని, ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థకు దెబ్బ తగులుతుందని బోర్డు ఆ మినిట్స్‌లోనే రాసుకుంది, అయినా మంచి పనేనని సిఫారసు చేసింది. చివరికి రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగి బ్యాంకులకు వచ్చాయని మీ వార్షిక నివేదికే చెప్పింది. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో ఆ నిర్ణయం చెల్లుతుందంది. ఐదో జడ్జి జస్టిస్ బి.వి. నాగరత్న మాత్రం రిజర్వు బ్యాంకు సొంతంగా ఆలోచించినట్టు రికార్డుల్లో కనిపించలేదని రాశారు. తీర్పు తీర్పే, గౌరవిస్తాను. నా మనసు మాత్రం ఐదో జడ్జి గారి వైపే ఉంది. ప్రభుత్వంతో మీరు విభేదించి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. బోర్డు రాసుకున్న ఆ అనుమానాలు మరుసటి వారమే బయటికి వచ్చి ఉంటే, కనీసం మా తరఫున ఎవరో ఒకరు ఆ గదిలో ఆలోచించారన్న తృప్తి మిగిలేది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 మే 19న రెండువేల నోటును వెనక్కి తీసుకున్నప్పుడు మీరు నాలుగు నెలలకు పైగా గడువిచ్చారు, నోటు చెల్లుబాటును రద్దు చేయలేదు, గడువు దాటాక కూడా మీ ఇష్యూ ఆఫీసుల్లో, పోస్టులో పంపి సైతం మార్చుకునే వీలు ఉంచారు. మా కౌంటరు దగ్గర ఒక్క గొడవ కాలేదు. 2016 నుంచి ఎవరో పాఠం నేర్చుకున్నారు.

ద్రవ్య విధాన కమిటీలో ఎవరు ఎటు ఓటు వేశారో పేరుతో సహా చెప్పడం, పద్నాలుగో రోజున మినిట్స్ బయటపెట్టడం కూడా నాకు చాలా నచ్చే పని. 2024 జూన్‌లో ఆరుగురిలో ఇద్దరు వడ్డీ తగ్గించాలని ఓటేశారు, ఎందుకో రాశారు. సంస్థ పరువేమీ పోలేదు, పెరిగింది. ఆరుగురు వేసిన ఓటును రెండు వారాల్లో చూపించగలిగినవాళ్లు, ఆ ఆరుగురూ కలిసి కూర్చుని ఖరారు చేసిన ఉత్తరాన్ని దాచడం ఏ తర్కమో నాకు అర్థం కాదు.

చెప్పకపోతే ఏమవుతుందో మా బజారులో రోజూ చూస్తాను. పది రూపాయల నాణెం సంగతే తీసుకోండి. ఒక షాపులో తీసుకుంటారు, పక్క షాపులో "చెల్లదు" అంటారు. పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలోనే మీరు ప్రకటించారు. ఆ ప్రకటన కన్నా వాట్సాప్‌లో వచ్చిన పుకారే ముందు చేరింది, ఇప్పటికీ అదే గెలుస్తోంది. తమాషా ఏమిటంటే నాణెం మీది కాదు, కేంద్ర ప్రభుత్వానిది, మీరు పంచిపెడతారంతే. తిట్లు మాత్రం మీ ఖాతాలో. అలాగే 2025 అక్టోబరులో ధరల పెరుగుదల 0.25 శాతమే అని టీవీలో వచ్చిన రోజు మా షాపులో నవ్వులే నవ్వులు. స్కూలు ఫీజు పెరిగింది, బంగారం ఆకాశంలో ఉంది, ఈ పావు శాతం ఎవరింట్లో అని. కూరగాయలు, పప్పులు ఏడాది కిందటి కన్నా బాగా దిగాయని, అప్పట్లో 2012 ఆధారంగా వేసిన ఆ లెక్కలో తిండి వాటా దాదాపు 46 శాతం కాబట్టి మొత్తం అంకె పడిపోయిందని చెబితే అర్థం చేసుకోలేనివాళ్లు కాదు వాళ్లు. చెప్పేవాళ్లే లేరు.

మీరు ప్రభుత్వానికి ఇచ్చే మిగులు కూడా అంతే. 2024-25కి 2,68,590 కోట్లు. "రిజర్వు బ్యాంకును ఊడ్చేశారు" అని ఒకడు, "మన డబ్బు మనకే వచ్చింది" అని ఇంకొకడు టీ కొట్టు దగ్గర కొట్టుకుంటారు. బిమల్ జలాన్ కమిటీ 2019లో ఒక పద్ధతి పెట్టిందని, ఆపద కోసం ఇంత పక్కన పెట్టాకే మిగతాది ఇస్తారని ఇద్దరికీ తెలియదు. పద్ధతి ప్రకారం ఇస్తే నాకు అభ్యంతరం లేదు. లెక్క తెలియనప్పుడు మాత్రం పెద్ద అంకె చూస్తే భయమే వేస్తుంది.

వారం వారం వాయిదా కట్టే మైక్రోఫైనాన్స్ గ్రూపుల అప్పుల మీద వేరే లేఖ రాయాలి. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 2010లో ఆంధ్రాలో ఆత్మహత్యల తర్వాత అక్కడి ప్రభుత్వం చట్టం తెచ్చి వసూళ్లకు కళ్లెం వేసింది. ఆ చట్టం పాతపట్నం దగ్గర ఆగిపోయింది, మా వైపు వసూళ్లు ఆగలేదు. 2022లో మీరు మైక్రోఫైనాన్స్ వడ్డీ మీద పరిమితి తీసేశారు, ఇంటి ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదన్నారు. ఆ సగం లెక్క గ్రూపులో కూర్చున్న ఆడవాళ్లకు ఎవరైనా చెప్పారా అని మీ మనిషి ఎవరైనా ఒక మంగళవారం వచ్చి చూస్తే బాగుంటుంది.

దువ్వూరి సుబ్బారావు గారు గవర్నరుగా ఉండగా, బ్యాంకుకు డెబ్బై ఐదేళ్లు నిండిన సందర్భంలో, మీ పెద్ద అధికారులు పల్లెలకు వెళ్లారు. పొదుపు గురించి, దొంగ నోట్ల గురించి చెప్పారు. ఇప్పుడు మోసాల మీద మీ ప్రకటనలు తెలుగులోనూ ఒడియాలోనూ వస్తున్నాయి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందరికీ తెలిసింది. అంటే మీకు మా భాషల్లో మాట్లాడటం వచ్చు. కాకపోతే ఇంతవరకూ ఆ భాషల్లో మాకు జాగ్రత్తలే చెప్పారు, మీ లెక్క చెప్పలేదు. చదువుకున్నవాళ్లకే అందే తెలుగు వద్దు, జనం మాట్లాడే తెలుగులో రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాటం చేసింది ఈ పర్లాకిమిడిలోనే. సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పాలని తపించిందీ ఇక్కడే. ఆయన నడిచిన వీధిలో కూర్చుని అడుగుతున్నాను కాబట్టి కాస్త చనువుగా అడుగుతున్నాను.

2022 నవంబరు ఉత్తరాన్ని బయటపెట్టండి. అది చేతిలో లేదంటే, బయటపెట్టమని ఆర్థిక శాఖను మీరే బహిరంగంగా అడగండి, వాళ్లు కాదంటే ఆ కాదన్న మాటైనా జనానికి తెలుస్తుంది. ముందు ముందు అలాంటి ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తే, అది 6 దాటినందుకైనా 2 కన్నా దిగినందుకైనా, ఢిల్లీకి పంపిన రోజే మాకూ ఇస్తామని ఇప్పుడే ప్రకటించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి ద్రవ్య విధానం రోజున, మీరు ఇంగ్లీషులో, హిందీలో చెప్పేది ఒక్క పేజీకి కుదించి తెలుగులో, ఒడియాలో కూడా పంపండి. పోయినసారి ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎక్కడ తప్పింది, ఇప్పుడేం చేస్తున్నాం, అంతే. సొగసులు అక్కర్లేదు.

తెలుగు పేజీ నేను నా షాపులో జెరాక్స్ తీసి పంచుతాను. ఒడియా పేజీ పక్క మందుల షాపు ఆయన చదివి వినిపిస్తానన్నాడు. సవరలో చెప్పడానికి మా కౌంటరుకు వచ్చే అంగన్‌వాడీ అమ్మాయి ఒప్పుకుంది, అయితే ముందు తనకు అర్థమయ్యేలా ఉండాలని షరతు పెట్టింది. ఆ షరతు మీకే పంపిస్తున్నాను.

ఇట్లు,
ఒక బ్యాంకు మిత్ర,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా